రెండు పోతుల గడ్డం

చండూరు అంగట్ల ముప్పై అయిదుకు కొన్న బ్రష్షు
మూడో ఆదివారానికే రాలబట్టింది.
చెంపకు రెండు, ముక్కు కింద ఒకటి,
సబ్బునురుగుల ప్లాస్టిక్ వెంట్రుకలు
పిల్లిమీసం లెక్క నిక్కి నిలవడితే
మా చిన్నది అద్దం ఎనుకకెల్లి తొంగి చూసి
మ్యావ్ అన్నది.

నల్లగొండకు నూలు తేవోయినప్పుడు
పెద్ద దుకాణంల అడిగిన.
అద్దాల బీరువా తెరిచి, నన్ను ముట్టనియ్యకుండ,
ఒకటి చూపెట్టిండు.
ఏదో సీమజంతువు బొచ్చట, పద్దెనిమిది వందలట.
మగ్గం గుంతల నా కాళ్లకు మూడు రోజులు అది.
"ఆ జంతువు బతికే ఉన్నదా?" అన్న.
బీరువా మూసిండు.

ముందుగాల ఈతమట్ట దంచి పీచు తీసిన.
గోడకు సున్నమేసేటందుకు మంచిగుంటది,
మూతికి మాత్రం ముండ్లకంపనే.
బర్రెతోక వెంట్రుక నీళ్లు తాగలే.
నీళ్లు తాగనిది నురుగేం కక్కుతది?
అసలే మా బోరునీళ్లు మొండివి,
సబ్బును విరగ్గొట్టి గిన్నెకు తెల్లగ కరుసుకుంటయి.
అవే మా అన్న సోమలింగం మెడల గూడ కరుసుకున్నయి,
మోకాళ్ల, వేళ్ల కణుపులల్ల.
ఆ ముచ్చట ఎనుక చెప్త.

కుర్మ ఎల్లగొండ మందను మలుపుకొచ్చే యాళ్లకు
కత్తెర వట్టుకొని దొడ్డికాడ నిలవడ్డ.
"గొర్ల బొచ్చు తీసే దినాలు రాలేదు గదనే?"
"గొర్లు గావు. నీ మేకపోతుల గడ్డాలు గావాలె."
తువ్వాల నోట్ల కుక్కుకొని నవ్విండు.
నల్లపోతు ఊకనే ఉన్నది,
ఎర్రపోతు తొడ మీద ఒక్కటిచ్చింది.
బేరం: ఒక బీడీకట్ట, ఒక చాయ,
గడ్డం మీద గడ్డం పెట్టుకుంటున్నవని
ఊరంత చెప్పుకునే హక్కు.

కుంకుడురసంల రెండు రాత్రులు నానబెట్టిన.
పేన్లదువ్వెనతోటి దువ్వి పొట్టివి ఏరేసిన.
కొసలు కిందికి వచ్చేటట్టు
దగ్గుమందు సీసా మూతల గుచ్చి తట్టిన, తట్టిన,
అన్ని కొసలు ఒక్క తీరు కూసునేదాక.
కోస్తె మొదలు కొయ్యాలె, కొస ముట్టొద్దు.
కొస పోతె మెత్తదనం పోతది.
ఇది ఎవ్వలు చెప్పలే, రెండు గడ్డాల్లో సగం
పాడు చేసుకొని నేర్సుకున్న.
ఇగ ముడి అంటరా,
ఇరవై ఏండ్లు చిటికి కట్టిన వేళ్లు నాయి.
పడుగుదారం తొమ్మిది చుట్లు,
గాజులోళ్ల కాడ అడుక్కొచ్చిన లక్క,
పాత కండె పిడి.

అయింది. నురుగొచ్చింది,
చాన గాదు, సరిపొయ్యేటంత.
మూతి కడుక్కొని చూస్తె
ఎనుక అరుగు మీద అన్న చూస్తున్నడు.

మంగలి సాయిలు పదిహేను దినాలకొకసారి
గడుపకాడికే వచ్చి గీస్తడు అన్నకు.
మెడ లేవదని తానే ఒంగుతడు, గొంతుకూసోని.
పాపం మంచోడే.
"ఒకసారి నాకియ్యి" అన్నడు అన్న.
ఇచ్చిన. కండెపిడి జారి కిందవడ్డది.
మళ్ల ఇచ్చిన. మళ్ల వడ్డది.
మూసుకోని పిడికిట్ల
చిటికెనవేలంత కట్టె ఎట్ల నిలుస్తది?

ఆ రాత్రే లక్క కరిగించి ముడి ఊడదీసిన.
అటుక మీది ఇరిగిన మంచంకోడును
కొడవలితోటి, ఎనుక గాజుపెంకుతోటి చెక్కిన,
ముంజకాయంత లావు,
నడుమ బొటనవేలికి చిన్న గుంత.

పొద్దున అన్న సబ్బు పూసుకున్నడు.
చెవులకు, ముక్కుకు, కనుబొమ్మలకు గూడ.
అరగంట పట్టింది. నేను బ్లేడు వట్టుకొని
నిలవడ్డ, తొందరవెట్టలే.
నురుగు ఆరిపోతె మళ్ల ముంచి మళ్ల పూసిండు.

ఎర్రపోతు బక్రీదుకు మల్లెపల్లి అంగట్ల అమ్ముడువోయింది.
ముసురు వట్టిన పొద్దు
బ్రష్షు ఇంక మేకవాసన కొడ్తది.
ఎల్లగొండ నీళ్లు తాగ వచ్చినప్పుడు
మొలకు ఏలాడే దాన్ని తీసి
బొటనవేలితోటి ఒకసారి నిమిరి
కొసలు కిందికే ఉన్నయా చూసి
మళ్ల తగిలిచ్చి పోతడు.